ప్రాక్టీసు వాక్యాలు

"ఏమిటమ్మాయ్, నీలో నువ్వే గొణుక్కుంటున్నావు?" అని హాల్లోంచి అత్తగారు అడిగేసరికి ఆమె గిన్నెలు తోముతోంది. అది గొణుగుడు కాదు, ఇంగ్లీషు. 'ఈవెన్ దో ఐ యామ్ అఫ్రెయిడ్' అని మొదలయ్యే వాక్యానికి తోక దొరక్క, మాడిన గిన్నె మీద పీచు తిప్పినట్టు దాన్నే నోట్లో తిప్పుతోంది. భయంగా ఉన్నప్పటికీ నేను... ఏం చేస్తాను? ఇంగ్లీషు క్లాసులో టీచరమ్మ చెప్పిన వాక్యాల్లో ఒకాయన భయంగా ఉన్నప్పటికీ ఈత నేర్చుకుంటాడు, ఒకావిడ విమానం ఎక్కుతుంది. ఈతతోనూ విమానంతోనూ ఆమెకి పనిలేదు. ఆమె భయాలన్నీ చిన్నవి, రోజువారీవి, పెద్ద మాటల్లో పెట్టబోతే జారిపోయేవి.

"క్లాసు పాఠం అత్తయ్యా."

"చదువుకో, నేనేం వద్దన్నానా. ఆ గిన్నెలు మాత్రం కాస్త చూసి తోము. నిన్న టీ గిన్నెకి జిడ్డు జిడ్డుగానే ఉంది."

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. షాపులో అంటే షాపు వెనక గదిలో. కిటికీ లేని ఆ గదిలో, లెన్సుల అంచులు అరగదీసే మిషను ముందు స్టూలు మీద కూర్చుంటుంది. మిషను తిరుగుతున్నంతసేపూ నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి, అరిగిన పొడి తెల్లటి బురదలా కారి తొట్టిలో పడుతుంది. ముందు గదిలో జనం ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకునే సందడి పక్కింటికి చుట్టాలొచ్చినప్పటి సందడిలా వినిపించడమే కాని కనిపించదు. పెళ్ళికి ముందు నేర్చుకున్న పని, పాప పుట్టాక మానేసి మళ్ళీ పట్టుకున్న పని. చేతులకి అలవాటైపోయింది కనుక మనసుకి పనుండేది కాదు. పనిలేని మనసు ఊరుకోదు కదా, భయాలు పోగేసుకుంటూ కూర్చునేది. స్టవ్ కట్టేశానా? అత్తయ్య మధ్యాహ్నం మాత్ర వేసుకుందా? పాప గొడుగు తీసుకెళ్ళిందా? పొద్దున ఆయన చెప్పకుండానే వెళ్ళిపోయాడు, ఎందుకని? నిన్న ఏమైనా అన్నానా, అనాల్సింది అనలేదా?

షాపు యజమాని పెద్దావిడ. అందరూ మేడమ్ అంటారు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజున మేడమ్ వెనక గదిలోకి వచ్చింది. మిషను ఆపమని చేత్తో సైగ చేసింది.

"కౌంటర్‌కి కొత్తవాళ్ళని వెతకడమెందుకు, నువ్వున్నావుగా. సరుకు నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. కాకపోతే ఎదురుగుండా ఆ కొత్త ఆఫీసులొచ్చాక మన మాట రానివాళ్ళు చాలామంది వస్తున్నారు. కాస్త ఇంగ్లీషు సాధించుకో. నెలాఖరున కూర్చోబెట్టి మాట్లాడిస్తాను, చూద్దాం."

మేడమ్ వెళ్ళిపోయాక ఆమె మిషను వెయ్యడం మర్చిపోయింది. సంతోషమో దడో తేల్చుకోలేక అలాగే కూర్చుంది. వెలుతురున్న గదిలో, మనుషుల ఎదురుగా, అద్దాల పక్కన కూర్చోవడం. ఒకరి ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చునేలా చెవి వెనక రవ్వంత వంచి, 'ఇప్పుడెలా ఉంది?' అని అడగడం. ఆ ప్రశ్న ఒకరిని అడగాలని తనకింత కోరిక ఉందని ఆమెకి అప్పటిదాకా తెలీదు.

ఇంట్లో చెబితే భర్త నవ్వాడు. వెటకారపు నవ్వు కాదు.

"నువ్వా? కౌంటర్లోనా?" అన్నాడు. "మంచిదే. పాజిటివ్‌గా ఆలోచిద్దాం. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదవుతుందేమో?"

"అవుతుందేమోనండీ."

"ఊఁ."

ఆ 'ఊఁ'ని ఆమె చాలా రోజులు మోసింది.

అతనిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. చెయ్యెత్తడు, గొంతెత్తడు, తాగడు. ఈ మూడింటినీ అత్తగారు, చనిపోయిన మామగారి పోలికేనంటూ, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ సర్టిఫికెట్ చదివినట్టు చదివి వినిపిస్తుంది. విన్నవాళ్ళు ఆమె వైపు తిరిగి, "అదృష్టవంతురాలివమ్మా" అంటారు. ఆమె తలూపుతుంది. అయితే పడుకుని లైటు తీసేశాక అతను వెల్లకిలా తిరిగి, పైకప్పుకేసి చూస్తూ, ఆ రోజు ఆమె చేసిన పొరపాట్లన్నీ ఒక్కొక్కటే చెప్తాడు. పిల్లల్ని నిద్రపుచ్చే గొంతుతో, తాపీగా. మా ఆఫీసాయన వచ్చినప్పుడు నీళ్ళిచ్చి అక్కడే నిలబడ్డావు, బావుండదు. ఫోన్లో మీ అక్కతో నవ్వుతుంటే వీధి గుమ్మం దాకా వినపడింది. "కోపంతో చెప్పడం లేదు. నీ బాగుకోసమే" అని ముగించి, అటు తిరిగి గురక పెడతాడు. ఇక అక్కణ్ణించి ఆమె ఆ చిట్టా మళ్ళీ మొదటినుంచీ వింటుంది. ఎప్పుడైనా ఒకమాట ఎదురు చెబితే అతను నొచ్చుకున్నట్టు చూస్తాడు. "చూశావా, నీకన్నీ నెగటివ్‌గానే వినపడతాయి."

అందుకే క్లాసులో టీచరమ్మ బోర్డు మీద 'పాజిటివ్ థింకింగ్' అని పాఠం పేరు రాసినప్పుడు, తన కేసు ఇక్కడిదాకా వచ్చిందా అనుకుని ఆమె తల దించుకుంది.

క్లాసు ఒక లైబ్రరీ మేడ మీద జరిగేది. షాపు మూసే వేళకి ముందే మేడమ్ పంపించేది. టీచరమ్మ చెయ్యి తిరిగిన మనిషి, ఎవరినీ కసురుకోదు. ఆ పాఠం కోసం ఆవిడ బోర్డుకి మధ్యలో గీత గీసింది. ఎడమవైపు దిగులు వాక్యాలు, కుడివైపు వాటినే మంచివైపు తిప్పిన వాక్యాలు. 'నేనెప్పుడూ తప్పులే చేస్తాను' అనేదానికి ఎదురుగా 'నేను తప్పుల నుంచి నేర్చుకుంటున్నాను'. 'ఇది చాలా కష్టం' అనేదానికి ఎదురుగా 'దీనికి కొంచెం సమయం పడుతుంది'. లారీ నడిపే ఆయన లేచి, 'నా బండి పాతది' అనేదాన్ని 'నా బండికి అనుభవం ఉంది' అని తిప్పితే క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు వీధి గుమ్మం దాకా వినపడుతుందేమో అని ఒక్క క్షణం ఆగి చూసుకుని మరీ.

"ఇంట్లో ఎవరితోనైనా రోజూ మాట్లాడండి" అంది టీచరమ్మ. "ముందు మిమ్మల్ని బాధపెట్టే విషయం ఒకటి చెప్పండి. తర్వాత దాన్నే మంచివైపు తిప్పండి. కల్పించొద్దు. కల్పిస్తే మాటలు వెతుక్కోవాలి. ఉన్నది చెబితే తప్పుల్తోనో ఒప్పుల్తోనో మాటలు అవే వస్తాయి."

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇద్దరు. ఎనిమిదో తరగతి చదివే కూతురు, భర్త. కూతురికి హోంవర్కు ఉంటుంది. భర్త తనే ముందుకొచ్చాడు. "నా దగ్గర కూర్చో. రోజూ అరగంట. గ్రామరు నేను చూస్తాను" అన్నాడు. నిజంగా ఉత్సాహంగానే అన్నాడు. ఎవరి తప్పులైనా దిద్దడమంటే అతనికి ప్రాణం. పత్రికల్లో తప్పులకి ఎర్రగీతలు పెడతాడు. కూతురు చాటుగా 'గ్రామర్ మాస్టారు' అని పేరు పెట్టింది.

వంటింటి బల్ల దగ్గర మొదటి సాయంత్రం వాతావరణంతో గడిచిపోయింది. వానకి బట్టలు ఆరడం లేదు అని చెప్పింది. "క్లాత్స్ కాదు, క్లోత్స్. డజ్ కాదు, డూ" అన్నాడు. వాన వల్ల చల్లగా ఉంది అని తిప్పింది. "గుడ్."

రెండో రోజు చెప్పడానికి ఏమీ తోచలేదు. ఉన్నది చెప్పమన్న టీచరమ్మ మాట గుర్తొచ్చింది. హాల్లో అత్తగారు టీవీ చూస్తోంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆమె గొంతు తగ్గించలేదు, తగ్గిస్తే అనుమానం వస్తుందని.

"మై మదర్ ఇన్ లా టెల్స్ మై కుకింగ్ టు నైబర్స్."

ఇదే మాట తెలుగులో అనుంటే ఈపాటికి అతని మొహం మారిపోయేది, వారం రోజులు ఇంట్లో చెంచా చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అతను కనుబొమలు ముడిచాడు.

"టెల్స్ ది నైబర్స్ అబౌట్ మై కుకింగ్. 'అబౌట్' మర్చిపోతున్నావు నువ్వు."

ఆమె మళ్ళీ చెప్పింది, 'అబౌట్'తో సహా. మా అత్తగారు నా వంట గురించి ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్తుంది. ఇప్పుడు మంచివైపు తిప్పాలి. "షి ఈజ్ ఇంట్రెస్టెడ్ ఇన్ మై కుకింగ్" అంది. మా అత్తగారికి నా వంట మీద ఆసక్తి.

అతను గట్టిగా నవ్వి బల్ల మీద తట్టాడు. "ఏమిటిరా నవ్వుతున్నారు?" అని హాల్లోంచి అత్తగారు.

"నీకు దాని వంటంటే ఇష్టమని చెప్తోందమ్మా."

"ఇష్టమేలే. ఉప్పు చూసి వేస్తే ఇంకా ఇష్టం."

ఆ రోజు నుంచి ఆమెకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పగలంతా మిషను దగ్గర కూర్చుని సాయంత్రం చెప్పబోయే వాక్యాన్ని కట్టుకునేది. క్రియ ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ, నీళ్ళ హోరులో పైకే అనేది. నిజం చెప్పాలంటే మాటలు తక్కువ పడ్డాయి కనుకనే ధైర్యం వచ్చింది. తెలుగులో అయితే ప్రతి మాటకీ ముందు పది సర్దుబాట్లు ఉంటాయి, మీరేమీ అనుకోకపోతే, అత్తయ్యది తప్పని కాదు గానీ, ఏదో నా పిచ్చి గానీ. ఇంగ్లీషులో ఆమెకి ఆ సర్దుబాట్లు రావు. కర్త, క్రియ, కర్మ. అంతే.

నేను అందరికంటే ముందు లేస్తాను, అందరికంటే ఆఖర్న పడుకుంటాను అంది ఒక సాయంత్రం. అతను దాన్ని పట్టి చూసి 'గో టు బెడ్' అనాలి, 'స్లీప్' బాలేదు అన్నాడు. నాకు పొడుగాటి రోజు ఉంది అని తిప్పింది. ఇంకో సాయంత్రం, నాకేం కావాలో ఎవరూ అడగరు అంది. అందులో తప్పేమీ దొరకలేదు. "వెరీ గుడ్" అన్నాడు, మనస్ఫూర్తిగా. ప్రశ్నల బెడద లేనిదాన్ని అని తిప్పింది. "ఎక్సలెంట్. ఇంప్రూవ్ అవుతున్నావు."

అతని చూపు ఆమె కళ్ళ మీద కాకుండా నోటి మీద ఉండేది. తప్పు ఎక్కడ దొర్లుతుందా అని, మాట బయటపడే చోటే కాపు కాసినట్టు. ఇతనికి అర్థం వినిపించడం లేదు, వ్యాకరణమే వినిపిస్తోంది అనుకుంది ఆమె. ఆ ఆలోచనలో బాధ ఉంది, ఊరట కూడా ఉంది. చెవిటివాళ్ళ ఎదుట పాడుకున్నట్టు, తప్పో ఒప్పో తనకి తను వినపడుతోంది. అయినా ప్రతిరోజూ వాక్యం ముగించాక, అతను నోరు విప్పేదాకా ఆ రెండు క్షణాలూ ఆమె ఊపిరి బిగపట్టే ఉండేది.

ఒకరోజు చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. "వెన్ యువర్ స్కూటర్ స్టాప్స్ ఔట్‌సైడ్, మై స్టమక్ బికమ్స్ స్టోన్."

గుమ్మం ముందు మీ స్కూటరు ఆగితే నా కడుపు రాయైపోతుంది. అతను టీ కప్పు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. అతను ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"'వెనెవర్ ఐ హియర్ యువర్ స్కూటర్' అంటే బాగుంటుంది. 'బికమ్స్' కాదు, 'టర్న్స్ టు స్టోన్'. తిప్పు."

మా ఆయన ఇంటికొచ్చిన సంగతి నాకు ఎప్పుడూ ముందే తెలుస్తుంది అని తిప్పింది. "గుడ్" అన్నాడు.

మర్నాడు కూతురు వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడింది. ఏమీ తియ్యదు, వెయ్యదు.

"అమ్మా, నిన్న నాన్నతో చెప్పావే. స్కూటర్ సంగతి. అవి నిజాలేనా?"

"ప్రాక్టీసు కదే. పాఠంలో అలా చెప్పమన్నారు."

"పాఠంలో స్కూటర్ ఉందా?"

"ఆ తలుపు వెయ్యి, చల్లదనమంతా పోతోంది."

కూతురు తలుపు వేసింది కాని కదల్లేదు. "నాన్నకి అర్థం కావట్లేదనుకుంటున్నావా?" అంది. ఆమె కూరలు తరుగుతూ వెనక్కి తిరగలేదు. ఆ పూట చెయ్యి తెగింది. ఆ సాయంత్రం జాగ్రత్తపడి తన గురించే చెప్పుకుంది. మేడమ్ పెట్టే పరీక్ష దగ్గరపడుతోంది, దాని మీద చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు.

"మై హ్యాండ్స్ షేక్ వెన్ మెనీ పీపుల్ లుక్ ఎట్ మీ."

"'ఆర్ లుకింగ్ ఎట్ మీ'" అన్నాడు. "నలుగురూ చూస్తే వణుకుతాయా? నిజంగా?"

అతను వాక్యం అర్థం గురించి అడగడం అదే మొదటిసారి. ఆమెకి ఆశ్చర్యం వేసింది, కొంచెం ఇష్టం కూడా వేసింది. "అవునండీ, చిన్నప్పటినుంచీ" అని తెలుగులోనే చెప్పేసింది. అతను మెత్తగా తలూపాడు. "థింక్ పాజిటివ్" అన్నాడు.

మేడమ్ మాట్లాడిస్తానన్న రోజు వచ్చింది. పొద్దున ఆమె ఒక లెన్సు పాడుచేసింది, ఎన్నేళ్ళకో. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక మేడమ్ పిలిచి కౌంటర్ పక్కన కుర్చీలో కూర్చోమంది. తను మాత్రం నిలబడే ఉంది. ఇంగ్లీషు మొదలుపెట్టలేదు.

"నిన్న మీ ఆయన ఫోన్ చేశారు."

ఆమెకి ముందుగా తోచింది ప్రమాదం. స్కూటరు, రోడ్డు, ఆసుపత్రి. "ఏమైంది మేడమ్?"

"ఏం కాలేదు. నీ గురించే చేశారు. నలుగురూ చూస్తుంటే నీకు చేతులు వణుకుతాయట కదా. చిన్నప్పటినుంచీ ఉందట. నీకు నువ్వుగా వద్దని చెప్పుకోలేవుట, ఏదో ఒక వంక పెట్టి నన్నే వద్దనమన్నారు. తను ఫోన్ చేసినట్టు నీతో అనొద్దని కూడా అన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు. 'ఆమె టెన్షన్ పడితే ఇంట్లో చూడలేం' అన్నారు."

ఫోన్ చేసినందుకు కోపం రావాలి, అది తర్వాత వస్తుంది. ఇప్పుడు ఇంకేదో వస్తోంది, దాని వెనకాల తోసుకుంటూ. అంటే విన్నాడు. చేతుల మాట విన్నాడు, దాచుకున్నాడు, పనికొచ్చిన రోజున తీశాడు. అదొక్కటే విన్నాడా? తన కడుపు రాయైపోతుందన్న రోజున కప్పు గాల్లో ఆగింది. గుక్కెడు టీ తాగేంతసేపు ఆలోచించి, 'టర్న్స్ టు' అన్నాడు. ఎవరూ అడగరన్న మాట విన్నాడు, విని వెరీ గుడ్ అన్నాడు. తల్లి సంగతి విన్నాడు, విని నవ్వి తల్లికి అందంగా మార్చి చెప్పాడు. ఒక్క వాక్యమైనా అతనికి అర్థం కాకుండా పోలేదు. నేను గోడతో మాట్లాడుతున్నాననుకున్నాను, గోడకి తలుపుంది, ఆ తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. అర్థం కాని మనిషి మీద జాలి పడి ఇన్నాళ్ళూ బతికాను. ఎప్పటికైనా అర్థమవుతుందిలే అని కాచుకుని కూర్చున్నాను. అర్థమయ్యాక ఇంక దేనికోసం కాచుకోవడం? పిల్లకి తెలుసు. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి అదే అడిగింది.

"నిజమేనా?" అంది మేడమ్.

"నిజమే మేడమ్. వణుకుతాయి."

"నాకు చేతులు వణికే మనిషైతే కుదరదు. అలాగని ఎవరి మొగుడో ఫోన్లో చెప్పిన మాట పట్టుకుని నేను పనివాళ్ళని పెట్టుకోను, తీసెయ్యను. అందుకే నిన్నడుగుతున్నా."

అంతలో తలుపు తెరుచుకుని ఒక పెద్దాయన వచ్చాడు. మన మాట రానివాడు. అరచేతిలో రుమాలు, రుమాల్లో ఒక పుల్ల ఊడిన కళ్ళజోడు. జోడు లేక కళ్ళు చికిలించి ఇద్దరివైపూ చూశాడు. మేడమ్ గడ్డంతో సైగ చేసింది, నువ్వే మాట్లాడు అని.

ఆమె లేచింది. "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్. సిట్ ప్లీజ్" అంది. చిన్న స్క్రూ డ్రైవరు తీసుకుంటే అది చేతిలో సన్నగా వణికింది. పెద్దాయన ఆ చేతినే చూస్తున్నాడు, మేడమ్ కూడా చూస్తోంది. మోచేతులు రెండూ కౌంటర్ మీద ఆనించింది. వణుకు తగ్గలేదు, పని మాత్రం నడిచింది. స్క్రూ దొరికింది, ఊడిన పుల్ల నిలబడింది. పెద్దాయన హమ్మయ్య అన్నట్టు నవ్వి, ఇంకేం పర్వాలేదు కదా అని అడిగాడు.

పర్వాలేదు అనడం తేలిక. మంచివైపు తిప్పడం ఈ నెలరోజుల్లో బాగా అలవాటైంది. కాని ఎడమ లెన్సు మీద గీత ఉంది, సరిగ్గా చూపు ఆనే చోట.

"నో సర్" అంది. "లెఫ్ట్ గ్లాస్ ఈజ్ స్క్రాచ్డ్. దట్ ఐ కెనాట్ రిపేర్. యూ నీడ్ న్యూ." వాక్యం సరిగ్గా లేదని ఆమెకి తెలుసు. 'ఎ న్యూ వన్' అనాలి. అతను దిద్దలేదు. జోడు తీసి వెలుతురులో పట్టుకుని చూసి, ఎన్నాళ్ళనుంచో తలనొప్పి, ఇదేనన్నమాట అన్నాడు. కొత్తదానికి కొలతలు తీసుకోమన్నాడు. ఆమె అతని చెవి వెనక ఫ్రేము సర్దుతూ, ఇప్పుడెలా ఉంది అని అడిగింది.

అతను వెళ్ళాక మేడమ్ తాళంచెవులు వేళ్ళ మధ్య తిప్పుకుంది.

"వణుకుతూనే ఉన్నాయి" అంది.

"అవును మేడమ్."

"ఉండనీ. ఆయన పట్టించుకోలేదు. ఒకటో తారీకునుంచి ఇక్కడ కూర్చో. మీ ఆయనకి నేను ఫోన్ చెయ్యనా?"

"వద్దు మేడమ్. నేనే చెప్తాను."

ఇంటికి బయల్దేరింది. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఎక్కడో వెనకాల నడిచి వస్తోంది, ముందు నడిచేది మాత్రం భయమే. ఏమని మొదలుపెట్టాలి? ఎందుకు ఫోన్ చేశారని అడిగితే, నీ బాగుకోసమే అంటాడు. గట్టిగా అడిగితే, చూశావా ఎలా అరుస్తున్నావో అంటాడు. ఏడిస్తే, అందుకే కదా వద్దన్నాను అంటాడు. ఏ దారిన వెళ్ళినా అతనక్కడ ముందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. దారంతా వాక్యాలు కట్టింది, విప్పింది. వంట మొదలుపెట్టింది. కూతురు హాల్లో బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. అత్తగారు టీవీ ముందు ఉంది.

స్కూటరు ఆగింది. కడుపు ఎప్పటిలాగే అయింది. దాన్ని ఆమె ఆపలేదు.

అతను కాళ్ళు కడుక్కుని, టీ అందుకుని, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. "ఏమైంది ఇవాళ? మాట్లాడించిందా మీ మేడమ్?" అన్నాడు, ఎంతో ఆపేక్షగా. ఆమె బదులు చెప్పకపోయేసరికి ఓదార్పు సిద్ధం చేసుకున్నట్టున్నాడు. "పోనీలే. ఇదొక్కటే ఉద్యోగమా. రా, కూర్చో. టుడేస్ నెగటివ్ థాట్?"

ఆమె ఎదురుగా కూర్చుంది. స్టవ్ కట్టేసి వచ్చింది, అది మాత్రం గుర్తుంది.

"ఒకటో తారీకునుంచి కౌంటర్లో కూర్చుంటున్నానండీ. వచ్చేసరికి ఎనిమిదవుతుంది. రాత్రి వంట సంగతి మీరూ అత్తయ్యా చూసుకోవాలి."

అతను కప్పు కింద పెట్టాడు. "మరి మీ మేడమ్..." అని ఆగిపోయాడు.

"చెప్పింది. మీరు ఫోన్ చేశారని."

"నీ కోసమే చేశాను. నువ్వు టెన్షన్ పడతావని నువ్వే కదా..." ఇంకొంచెం నెమ్మదించి, నిద్రపుచ్చే గొంతుతో, "ఇప్పుడు దీన్ని కూడా నెగటివ్‌గా తీసుకోకు" అన్నాడు.

"లేదండీ. నా ఇంగ్లీషు మీకు బాగా అర్థమవుతోందని తెలిసింది, మంచిదే. నా చేతనైనంతవరకూ అన్నీ చెప్పాను. ఒకటి మాత్రం ఇంగ్లీషులో కట్టడం రాలేదు. అది తెలుగులో చెప్తాను."

హాల్లో కూతురి పెన్సిలు ఆగింది. అతను అలవాటుగా ఆమె నోటివైపు చూశాడు.

"మీరు ఊళ్ళో లేని రోజుల్లో నాకు బాగా నిద్ర పడుతుంది."

అతను దిద్దడానికి పెదవులు కదిపాడు. ఆ వాక్యంలో కలపాల్సిన మాటా తీసెయ్యాల్సిన మాటా ఏదీ లేదు. మొహం ఎర్రబడి, హాలు వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మా, ఏమంటోందో?"

ఎప్పుడు కట్టేసిందో గానీ టీవీ మాట్లాడటం లేదు. అత్తగారు ఒళ్ళోని రిమోట్‌ వైపే చూస్తోంది. తలెత్తకుండానే అంది.

"మీ నాన్న ఊరెళితే నాకూ అంతేరా."